అరవై నాలుగో గడి

వదిన మెమో కాగితాన్ని భోజనాల బల్ల మీద పరిచి, మడత పోయేలా అరచేత్తో రెండుసార్లు సాఫు చేసింది. ఇరవై ఏళ్ళు కుట్టుమిషను మీద పనిచేసిన చెయ్యి అది. గుడ్డయినా కాగితమైనా ముందు మడత తీయనిదే పని మొదలుపెట్టదు.

"చదువు," అంది.

చుక్కలమ్మ స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. చుక్కలమ్మ అన్నది ఆమె పనిచేసే వర్క్‌షాపులో పెట్టిన పేరు. అక్కడ తయారయ్యే చిన్న చిన్న కంట్రోల్ బోర్డులకి లోపల నడిచే ప్రోగ్రాములు రాయడం ఆమె పని. ఎక్కడో ఒక చుక్క తేడాగా ఉన్నా బోర్డుని గడప దాటనివ్వదని ఆ పేరు పెట్టారు. అది ఇంటిదాకా పాకి, ఇప్పుడు మొగుడు కూడా అలాగే పిలుస్తున్నాడు. ఈ వదిన ఆ మొగుడికి అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు కానీ, ఈవిడ మొదటి రోజే, "నాకు ఆ సగం వద్దు, మొత్తం నువ్వే ఉంచుకో," అని చెప్పేసింది. అప్పట్నుంచీ ఇద్దరికీ పడింది.

మెమోలో ఉన్నది ఇది. పోయిన మంగళవారం మధ్యాహ్నం మందుల స్టోరులోని చల్లగది వేడెక్కింది. అందులోని టీకా మందులన్నీ పారబోయవలసి వచ్చింది. ఒంటిగంటన్నర నుంచి హద్దు దాటిన వేడి నమోదవుతూనే ఉన్నా, గది బయట కాపలా ఉన్న మీరు గంట నొక్కలేదు. పైగా పుస్తకంలో అర్థం లేని రాతలు రాశారు. ఆ పేజీ జిరాక్సు జతచేస్తున్నాము. శుక్రవారం దాకా విధులకి రాకుండా, ఆ రోజు పదకొండు గంటలకి వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి. లేకపోతే నిర్లక్ష్యం కింద తొలగిస్తాము.

ఆ వేళ బుధవారం. గది వేడెక్కి ఎనిమిది రోజులైంది.

"నిద్రపోయావా వదినా?" అని అడిగింది చుక్కలమ్మ.

"నీకేమనిపిస్తోంది?"

"ఏమీ అనిపించట్లేదు. అడగాలి కాబట్టి అడిగాను."

"పోలేదు. మధ్యాహ్నం కునుకు తీసే అదృష్టం నాకెక్కడిది. అది మా తమ్ముడు ఒక్కడే రాయించుకుని పుట్టాడు."

పక్క గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న తమ్ముడు, "మధ్యలో నన్నెందుకు లాగుతారు," అన్నాడు, తల ఎత్తకుండా.

ఆ ఉద్యోగం చుక్కలమ్మే చెప్పి ఇప్పించింది. నాలుగేళ్ళ కిందట ఆ చల్లగదికి బోర్డు బిగించడానికి వెళ్ళినప్పుడు, తెర ముందు కూర్చుని చూసి రాసే మనిషి కావాలన్నారు. చూసింది చూసినట్టు రాసే మనిషి ఒకావిడ ఉందని తనే చెప్పింది. ఇప్పుడు ఆ మాటే ఎదురు తిరిగింది. కానీ చుక్కలమ్మని కదిలించింది అది కాదు. నలభై ఏడేళ్ళ వయసులో నిర్లక్ష్యం అన్న మాటతో బయటికొస్తే, ఇంకే గడప దగ్గరా ఆ మాట వదిన కంటే ముందు నడుస్తుంది.

"మొదటినుంచీ చెప్పు."

"మొదలేముంది. అరగంటకోసారి తెర మీద రెండు వరసలు పడతాయి. పై వరసలో గది వేడి ఎంతో. కింద వరసలో తలుపు మూసి ఉంది, కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది, అన్నీ ఓకే అని. రెండూ పుస్తకంలో దించుతాను. వేడి ఎనిమిది దాటితే పై వరస పొడుగ్గా హెచ్చరికలా వస్తుంది, చివర అంకె ఉంటుంది. అప్పుడు గంట నొక్కాలి. ఒంటిగంటకి ఏడు పాయింటు ఆరు అని వచ్చింది. రాశాను. ఒంటిగంటన్నరకి పై వరస రాలేదు. కింద వరస ఒక్కటే వచ్చింది."

"రాకపోతే?"

"గీత గీశాను. లేనిదాన్ని ఎలా రాయను?"

"అనుమానం రాలేదా?"

"వచ్చింది కాబట్టే మీ మేస్త్రీకి ఫోన్ చేశాను. పై వరస రావట్లేదండీ అన్నాను. కింద ఏముందమ్మా అన్నాడు. అన్నీ ఓకే అని ఉందండీ అన్నాను. ఓకే అన్నాక ఇంకేం కావాలమ్మా అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాట్ట వెనకటికెవడో."

"ఈ సంగతి వాళ్ళకి చెప్పలేదూ?"

"చెప్పాను. ఆయన్ని అడిగారట, గుర్తులేదన్నాడట. నా ఫోన్‌లో కాల్ చూపించాను. ఫోన్ చేసిన మాట నిజమే, ఏం మాట్లాడుకున్నారో ఎవరికి తెలుసు అన్నారు."

మేస్త్రీ అంటే వర్క్‌షాపు యజమాని. చుక్కలమ్మ జిరాక్సు కాగితం దగ్గరికి లాక్కుంది. వదిన దస్తూరీ గుండ్రంగా, కుట్టు వేసినట్టు సమానమైన ఎడంతో ఉంటుంది. ఒంటిగంట దగ్గర రెండు వరసలు. ఆ కింద మూడుసార్లు, పైన ఒక గీత, కింద ఒక వరస. తెర మీద వచ్చేది ఇంగ్లీషే కాబట్టి, వదిన అక్షరం పక్కన అక్షరం చూసి అలాగే దించేది. ఆ మూడు వరసల చివర ఉన్నదాన్ని స్టోరు సూపరింటెండెంటు ఎర్ర సిరాతో చుట్టాడు. ఓకే అన్నదానికి అంటుకుని ఒకచోట చుక్క, నాలుగు. ఇంకోచోట చుక్క, తొమ్మిది. మూడోచోట చుక్క, మూడు.

"ఇవేంటి వదినా?"

"నాకేం తెలుసు? ఉన్నాయి, రాశాను."

"ఓకేకి, చుక్కకి మధ్య ఖాళీ లేదు. నువ్వు వదల్లేదా, అక్కడే లేదా?"

వదిన ఆమె వైపు కొంచెం జాలిగా చూసింది. "ఖాళీ ఉంటే నేను వదలనూ?"

ఆ జవాబుతో చుక్కలమ్మకి సగం పని అయిపోయినట్టనిపించింది. ఏమైందో ఇంకా తెలియదు. కానీ వెతకాల్సింది మనిషిలో కాదు, బోర్డులో అన్నది మాత్రం ఇక రాయి మీద గీత.

వర్క్‌షాపు ఒక పొడుగాటి గది. రెండు వైపులా బల్లలు, వాటి మీద భూతద్దాల దీపాలు, తగరం కరిగిన వాసన, మూలన అట్టపెట్టెల గుట్ట. మర్నాడు పొద్దున్నే చుక్కలమ్మ చెప్పులు విడిచి నేరుగా ఫైళ్ళ బీరువా దగ్గరికి వెళ్ళింది. బోర్డులు తెర మీద చూపించడమే కాకుండా, ప్రతి అరగంటకీ వేడిని లోపల జ్ఞాపకంలో కూడా దాచుకుంటాయి. అది బయటికి తీయాలంటే వర్క్‌షాపు వాళ్ళ కేబులు కావాలి. ప్రమాదం జరిగిన మర్నాడు మేస్త్రీ వెళ్ళి తీసుకొచ్చి ఒక ప్రతి స్టోరుకిచ్చి, ఒకటి ఫైల్లో పెట్టాడు.

ఆ కాగితం తీసి జిరాక్సు పక్కన పెట్టింది.

ఒంటిగంటన్నరకి పది పాయింటు నాలుగు. రెండింటికి పది పాయింటు తొమ్మిది. రెండున్నరకి పదకొండు పాయింటు మూడు.

చుక్క నాలుగు, చుక్క తొమ్మిది, చుక్క మూడు.

ఆ పుస్తకాన్ని మంగళవారం మూడింటికే సూపరింటెండెంటు తన బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఈ అంకెలు బయటికొచ్చింది ఆ మర్నాడు, బుధవారం. వదిన ఏ ఆకాశవాణి విని రాసిందనుకోవాలి?

చుక్కలమ్మ గళ్ళ కాగితం తీసి పెన్సిలు చెక్కుకుంది. హెచ్చరిక వరసని గడికో అక్షరం చొప్పున రాసింది, ఖాళీలకి కూడా గడి వదులుతూ. దాని కింద రెండో వరస రాసింది. లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టడం అనుమానంతో కాదు, అలవాటుతో.

తెర మీద ఒక వరస అయిపోయి ఇంకోటి మొదలవ్వాలంటే రెండు పనులు జరగాలి. రాసే చోటు ఎడమ అంచుకి వెనక్కి రావాలి, ఒక వరస కిందికి దిగాలి. చేత్తో రాసేవాళ్ళం ఈ రెండూ ఒకే కదలికలో చేసేస్తాం, అందుకే ఇవి రెండని మనకి తోచదు. బోర్డు మాత్రం తెరకి రెండు వేరువేరు గుర్తులు పంపాలి. వెనక్కి రమ్మనేది రిటర్ను, కిందికి దిగమనేది ఫీడు. ఫీడు ఒక్కటే వెళితే వరసలు మెట్లు మెట్లుగా కుడివైపుకి జారిపోతాయి. రిటర్ను ఒక్కటే వెళితే అంతకంటే చెడ్డది. రాసే చోటు వెనక్కి వస్తుంది కానీ కిందికి దిగదు, కొత్త వరస పాతదాని నెత్తి మీదే పడుతుంది.

ఇక రెండో సంగతి. బోర్డు అక్షరాల్ని ఒక్కొక్కటిగా తెరకి పంపదు. బఫర్ అని అరవై నాలుగు గడుల పెట్టె ఒకటుంటుంది. వరసంతా, చివర ఆ రెండు గుర్తులతో సహా, అందులో నింపుకుని ఒక్కసారిగా పంపుతుంది.

హెచ్చరికలో వేడి తొమ్మిది పాయింటు ఎంతో అయితే అరవై రెండు అక్షరాలు. రిటర్ను అరవై మూడు, ఫీడు అరవై నాలుగు. ఒంటికి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. పది దాటితే అంకె ఒకటి పెరుగుతుంది. అక్షరాలు అరవై మూడు. రిటర్ను వెళ్ళి అరవై నాలుగో గడిలో కూర్చుంటుంది. ఫీడుకి గడి లేదు.

గడి లేకపోతే ఏమవుతుందో చుక్కలమ్మకి ప్రోగ్రాము తెరిచి చూడక్కర్లేదు. ఆ ముక్క రాసింది తనే. మొదట్లో వచ్చిన బోర్డుల్లో అరవై అయిదో అక్షరం పెట్టె అంచు దాటి పక్క జ్ఞాపకంలో పడేది, బోర్డు బిగుసుకుపోయేది. వారం రోజులు కుస్తీపట్టి, పెట్టె నిండితే మిగిలినదాన్ని చప్పుడు చేయకుండా వదిలెయ్ అని ఒక కాపలా పెట్టింది. ఆ తర్వాత ఒక్క బోర్డూ బిగుసుకోలేదు. ఆ రెండు లైన్ల కాపలా గురించి మేస్త్రీ వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు.

కాబట్టి జరిగింది ఇది. హెచ్చరిక తెర మీద పడింది. రిటర్ను రాసే చోటుని ఎడమ అంచుకి తెచ్చింది. దిగమని చెప్పేవాడు లేడు. కన్ను మూసి తెరిచేలోగా అన్నీ ఓకే అన్న వరస వచ్చి సరిగ్గా దాని మీద కూర్చుంది. అది అరవై ఒక్క అక్షరాల పొడుగు. కింద ఉన్నది అరవై మూడు. రెండు అక్షరాలు బయటికి మిగిలాయి. చుక్క, నాలుగు.

మందులున్న గదులకి బోర్డు బిగించినప్పుడు వాళ్ళు పరీక్ష చేసే పద్ధతి కూడా చుక్కలమ్మకి గుర్తొచ్చింది. తలుపు కొంచెం తెరిచి, వేడి ఎనిమిది దాటి హెచ్చరిక పడగానే, అయ్యో మందులు అంటూ గబగబా మూసేసేవాళ్ళు. ఎనిమిదిన్నర, మహా అయితే తొమ్మిది. మందుల మీద దయతో ఎవరూ పదిదాకా పోనివ్వలేదు. ఆ వేళ గదిలో చల్లదనమిచ్చే గ్యాసు కారిపోయి, ఎండ మిటమిటలాడే మధ్యాహ్నం, అరగంటలో ఏడున్నర నుంచి పది దాటింది. తొమ్మిది దగ్గర ఆగి హెచ్చరిక చూపించే వ్యవధి కూడా దొరకలేదు.

"ఏంటమ్మా చుక్కలమ్మా, పొద్దున్నే గళ్ళనుడి కడుతున్నావు," అంటూ మేస్త్రీ వచ్చాడు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన మనిషి. నుదుటి మీదికి తోసుకున్న భూతద్దం భోజనానికి కూడా తీయడు.

"కట్టేశానండీ. మీరు సరిచూడండి."

భూతద్దం కిందికి దించుకుని చూశాడు. వేలితో గడులు లెక్కపెట్టాడు. ఫైలు కాగితం చూశాడు, జిరాక్సు చూశాడు. భూతద్దం మళ్ళీ పైకి తోశాడు. ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"మీకే మొదట."

"అయితే ఇక్కడితో ఆపు. ఇలాంటివి పద్దెనిమిది బయట తిరుగుతున్నాయి. సర్వీసని పేరు పెట్టి మెల్లిగా ఒక్కోటీ మార్చుకొద్దాం. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు."

"మరి శుక్రవారం?"

"మీ వదినకి ఇంకోచోట నేను చూపిస్తాను. నా పూచీ."

"పోయేది ఉద్యోగం ఒక్కటే అయితే మీ పూచీ పుచ్చుకునేదాన్ని. నిర్లక్ష్యం అని రాస్తున్నారు. దానికి మీరేం చూపిస్తారు?"

"ఆ లైన్లు రాసింది నువ్వు తల్లీ. నలుగురిలో ఆ ముక్క చెప్పాక నీ పేరేమవుతుందో ఆలోచించావా?"

"ఆలోచించాను. చెబితే తప్పు రాసిన మనిషినవుతాను. చెప్పకపోతే తప్పు దాచిన మనిషినవుతాను. మొదటిదైతే దిద్దుకోవచ్చు."

మేస్త్రీ బల్ల మీది స్క్రూడ్రైవర్ని అటూ ఇటూ దొర్లించాడు.

"మెల్లిగా మార్చేలోపల ఇంకో గది పది దాటితే?" అంది చుక్కలమ్మ. "అప్పుడు అక్కడ కూర్చున్న మనిషి మా వదినలాగా చుక్క కూడా రాయకపోవచ్చు. మనం చేసింది మనకి కూడా తెలియదు."

మేస్త్రీ బల్లతో చెప్పినట్టు చెప్పాడు.

"ఆ వేళ ఆవిడ ఫోన్ చేసింది."

"తెలుసు."

"అన్నం తింటున్నాను. ఓకే అని ఉందంటే, ఓకే కదా అనుకున్నాను. తర్వాత వాళ్ళొచ్చి అడిగితే గుర్తులేదన్నాను." స్క్రూడ్రైవర్ని పక్కన పెట్టాడు. "గుర్తుంది."

"శుక్రవారం నేను వెళ్తున్నానండీ. మీరొస్తే మీ మాట మీరు చెప్పుకోవచ్చు. రాకపోతే అది కూడా నేనే చెప్పాలి, అంత బాగా రాదు."

"బెదిరిస్తున్నావా?"

"పిలుస్తున్నాను."

మేస్త్రీ నవ్వలేదు కానీ, లేచి వెళ్ళేటప్పుడు, "ముందు అది సరిచెయ్యి," అన్నాడు. వస్తానన్న మాట ఆయన భాషలో అలాగే ఉంటుంది.

సరిచేయడం మధ్యాహ్నంలోపే అయిపోయింది. రిటర్ను, ఫీడు జంటగానే వెళ్ళాలి. రెండింటికీ గడులున్నాయా అని ముందే చూడాలి. లేకపోతే పెట్టెలో ఉన్నదాన్ని తెరకి పంపేసి, ఖాళీ అయిన పెట్టెలో రెండూ పక్కపక్కన పెట్టాలి. అక్షరాలు ఎక్కువైనా అంతే, పంపి మళ్ళీ నింపుకోవాలి, ఏదీ వదిలెయ్యకూడదు. రాయడానికి పావుగంట పట్టింది. పరీక్షలకి మిగతా రోజంతా పట్టింది. అరవై అక్షరాల నుంచి డెబ్భై దాకా ఒక్కొక్కటి పెంచుకుంటూ వరసలు పంపి చూసింది. తొమ్మిది పాయింటు తొమ్మిది, పది, తొంభై తొమ్మిది పాయింటు తొమ్మిది, సున్నాకి కిందివి, ముందు మైనస్ గుర్తుతో సహా. ప్రతి వరసా తన చోటులో తను పడింది.

గురువారం సాయంత్రం వదిన బట్టలు మడతపెడుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది. గళ్ళ కాగితం కూడా చూపించింది. వదినకి రిటర్ను, ఫీడు అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. "అంటే మిషను వెనక్కి తిప్పావు కానీ గుడ్డ జరపలేదు, కుట్టు మీద కుట్టు పడింది," అంది.

"అంతే."

"ఆ ముక్క రాసిందెవరు?"

"నేనే."

వదిన చేతిలోని దిండు గలీబుని పూర్తిగా మడిచి పక్కన పెట్టింది.

"తొమ్మిది రోజులయింది నాకు కంటి మీద కునుకు లేక."

"తెలుసు."

"నా కళ్ళే నన్ను మోసం చేశాయేమో అనుకున్నాను. కళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను, మీకెవరికీ చెప్పలేదు."

చుక్కలమ్మ దానికి క్షమించమనలేదు. ఆ మాట చిన్నదనిపించింది. "రేపు నువ్వు ఎలా కూర్చుని రాశావో అలాగే కూర్చుని రాయాలి. మిగతాది నాకొదిలెయ్," అంది.

"నిద్రపోయావా అని అడిగావు చూడు నిన్న," అంది వదిన, ఇంకో గలీబు అందుకుంటూ. "అప్పుడు కోపమొచ్చింది. తర్వాత చూస్తే, ఇంట్లో ఆ మాట మొహం మీద అడిగింది నువ్వొక్కదానివే. మా తమ్ముడైతే తొమ్మిది రోజులూ నాకు పళ్ళు కోసిపెడుతూ తిరిగాడు, రోగిష్టిదానికి మల్లే."

వంటింట్లోంచి, "అది కూడా తప్పేనా," అని వినిపించింది.

శుక్రవారం పదకొండింటికి చుక్కలమ్మ, వదిన, మేస్త్రీ ముగ్గురూ స్టోరుకి వెళ్ళారు. సూపరింటెండెంటు సన్నగా, పొడుగ్గా, మెడలో గుర్తింపు కార్డు ఎప్పుడూ సరిగ్గా మధ్యలో వేలాడే మనిషి. చుక్కలమ్మ చెప్పింది అడ్డురాకుండా విన్నాడు. విన్నాక పెన్ను మూత పెట్టాడు.

"మీరు ఈవిడకి ఏమవుతారు?"

"మరదల్ని."

"అప్పుడు నేను ఏమనుకోవాలి మీరే చెప్పండి."

"నమ్మకూడదనే అనుకోండి. అందుకే నా బోర్డు ఏదీ తేలేదు. మీ గోడకున్న బోర్డు మీదే చూద్దాం. దాని మీద సీలు మీదే, మర్నాటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదు. గది ఖాళీగా ఉంది, చల్లదనం బాగుచేయించారు. తలుపు మీరే తెరవండి. బటన్ మీరే నొక్కండి. మేం ముగ్గురం చేతులు కట్టుకుని నిలబడతాం."

బోర్డు పక్కన, అరగంట ఆగకుండా అప్పటికప్పుడు తెర మీద చూపించి, జ్ఞాపకంలో కూడా దాచే బటన్ ఒకటుంది. సూపరింటెండెంటు సీలు చూసుకుని, తన తాళంతో గది తలుపు తీసి బార్లా పెట్టాడు. ఖాళీ అరలు, చలి పొగ. వదిన బయట తన కుర్చీలో కూర్చుని, కొత్త పేజీలో గంట, నిమిషం వేసింది.

నాలుగు పాయింటు ఎనిమిది. రెండు వరసలు. వదిన రాసింది. ఆరు పాయింటు ఒకటి, రెండు వరసలు. మేస్త్రీ భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయన నుదుటి మీద భూతద్దం పట్టీ వేసిన తెల్లటి గీతని చుక్కలమ్మ చూడటం అదే మొదటిసారి. ఎనిమిది పాయింటు ఏడు. హెచ్చరిక పడింది, కింద అన్నీ ఓకే.

"వస్తోంది కదా హెచ్చరిక," అన్నాడు సూపరింటెండెంటు.

"ఇప్పుడు వస్తుందండీ," అంది చుక్కలమ్మ.

తొమ్మిది పాయింటు ఆరు. వచ్చింది. ఆయన చుక్కలమ్మ వైపు ఒకసారి చూసి, నిమిషాలు గడవనిచ్చి మళ్ళీ నొక్కాడు.

ఒక్క వరసే పడింది. తలుపు, కరెంటు, ఫ్యాను, అన్నీ ఓకే. దానికి అంటుకుని చుక్క, రెండు.

వదిన పైన ఒక గీత గీసి, కింద ఆ వరస రాసింది.

ఆయన మళ్ళీ నొక్కాడు. చుక్క, మూడు. మళ్ళీ నొక్కాడు. చుక్క, అయిదు. అప్పుడు లోపలికి వెళ్ళి, బీరువా తాళం తీసి పాత పుస్తకం తెచ్చి, కొత్త పేజీ పక్కన పెట్టుకుని నిలబడే చదివాడు. తర్వాత కేబులు పెట్టి జ్ఞాపకంలో ఉన్నది తీయమన్నాడు. మేస్త్రీ తీశాడు. పది పాయింటు రెండు, పది పాయింటు మూడు, పది పాయింటు అయిదు.

"ఈ ప్రోగ్రాము రాసిందెవరు?"

"నేనండీ," అంది చుక్కలమ్మ. "నాలుగేళ్ళ కిందట. పెట్టె నిండితే ఏం వదలాలో ఆలోచించాను కానీ, ఆఖర్న వచ్చేది ఏదో ఆలోచించలేదు. సరిచేసింది సిద్ధంగా ఉంది, మీరు ఊ అంటే ఇప్పుడే ఎక్కిస్తాను. ఇలాగే పరీక్ష చేసి చూసుకోవచ్చు."

"ఇంకో మాట," అన్నాడు మేస్త్రీ గొంతు సవరించుకుని. "ఆవిడ ఆ వేళ నాకు ఫోన్ చేసి పై వరస రావట్లేదని చెప్పింది. ఓకే అనుంటే ఓకేనే అన్నాను. మీరు అడిగినప్పుడు గుర్తులేదన్నది అబద్ధం." వదిన వైపు తిరిగాడు. "తప్పయిపోయిందమ్మా."

"రాసుకుంటాను," అంది వదిన. నిజంగానే పుస్తకం మార్జిన్లో రాసింది, టైముతో సహా.

సూపరింటెండెంటు గుమాస్తాని పిలిచి కాగితం టైపు చేయించాడు. సంతకం పెట్టి వదినకి ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. సంజాయిషీ విన్న మీదట, పొరపాటును క్షమించి, తిరిగి విధుల్లోకి తీసుకుంటున్నాము.

"ఎవరి పొరపాటండీ?"

"అది మామూలుగా వాడే మాటేనమ్మా."

"మామూలు మాటే అయితే తీసెయ్యడం కూడా సులువే కదండీ."

ఆయన ఒక క్షణం ఆవిడని చూసి, కాగితం వెనక్కి తీసుకున్నాడు. రెండోసారి వచ్చినదాంట్లో, ఆమె తెరపై కనిపించినది కనిపించినట్టు రాశారు, పొరపాటు బోర్డుది, అని ఉంది.

ఈసారి చుక్కలమ్మ అడ్డం వచ్చింది. "బోర్డుది కాదండీ. బోర్డు చెప్పింది చెప్పినట్టే చేసింది. ప్రోగ్రాముది అని వెయ్యండి."

"మీ ఇంట్లో అందరూ ఇంతేనా?" అన్నాడు సూపరింటెండెంటు.

"మా తమ్ముడు కొంచెం నయమండీ," అంది వదిన.

మూడో కాగితం వచ్చింది. వదిన మొదటి నుంచి చివరిదాకా చదివి, అందినట్టు సంతకం పెట్టి, ప్రతి ఒకటి తనకి అడిగి తీసుకుంది. తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుంది. పన్నెండున్నర కావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది.

చుక్కలమ్మ కొత్త ప్రోగ్రాము ఎక్కించి, పదకొండు డిగ్రీల దగ్గర రెండు వరసలూ విడివిడిగా పడటం సూపరింటెండెంటుకి చూపించి బయటికొచ్చేసరికి, మేస్త్రీ మెట్ల మీద నిలబడి రెండో స్టోరు వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. మా బోర్డులోనే లోపముందండీ అని అప్పటికే చెప్పేశాడు. వాళ్ళు ఎప్పుడొస్తారని అడిగినట్టున్నారు, ఫోన్ చేత్తో మూసి ఆమె వైపు చూశాడు.

"రెండింటికల్లా అక్కడుంటామని చెప్పండి," అంది చుక్కలమ్మ. "ఈలోపల తెర చూసి ఊరుకోకుండా, గదిలోకి మనిషిని పంపి చూస్తూ ఉండమనండి."

ఆయన ఫోన్ మీంచి చెయ్యి తీసి అదే చెప్పాడు, మాట పొల్లుపోకుండా.